‘నాకు కొంచెం ఓసీడీ లెండి’: ఈ మాట వింటే మీకేమనిపిస్తుంది?

నిద్రగన్నేరు

ఎవరినీ తప్పుపట్టాలని రాయట్లేదు. రెండ్రోజులుగా మనసులో నలుగుతోంది, ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఈ చర్చావేదికకి వచ్చాను.

మొన్న ఆఫీసులో మీటింగు. మా సహోద్యోగి స్లైడ్లు చూపిస్తూ, ఒక పెట్టె మిగతావాటికంటే వెంట్రుకవాసి కిందికి ఉందని మధ్యలో ఆగి సరిచేశాడు. చేసి, ‘సారీ, నాకు కొంచెం ఓసీడీ లెండి’ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వే ఇప్పుడు గొంతులో ముల్లులా ఉంది.

మా తమ్ముడికి ఓసీడీ. డాక్టరు చూసి చెప్పిన ఓసీడీ, వద్దన్నా వదలని ఆలోచనలు, మళ్ళీ మళ్ళీ చేయించే పనులు ఉండే జబ్బు. ఇంట్లోంచి బయల్దేరేముందు కుళాయి కట్టేశాడో లేదో చూస్తాడు. కట్టేసే ఉంటుంది. చేత్తో తాకుతాడు. ఎనిమిది దాకా లెక్కపెడతాడు. మధ్యలో ఎవరు పిలిచినా, ఫోను మోగినా లెక్క చెడినట్టే, మళ్ళీ ఒకటి నుంచి. ఒక్కోరోజు ఆ కుళాయి దగ్గరే 40 నిమిషాలు. ఇలాగే ఒక పరీక్షకి వెళ్ళలేకపోయాడు. ఒకసారి విసుగొచ్చి ‘మూసే ఉంది కదరా, కనిపించట్లేదా’ అన్నాను. ‘మూసే ఉందని తెలుసక్కా. తెలిసినట్టు అనిపించదు, అంతే’ అన్నాడు.

రేపు వాడే ఒక ఆఫీసులో చేరి, ఆలస్యమైనప్పుడు ‘నాకు ఓసీడీ ఉంది’ అంటే, ‘ఓ, నాకూ అంతే, టేబుల్ నీట్‌గా లేకపోతే పని చేయలేను’ అంటారు కదా? నా బాధ అదీ.

జెట్‌స్పీడ్

మీ తమ్ముడి విషయం చదివి బాధేసింది అక్కా, ముందు ఆ మాట చెప్పనివ్వండి.

కానీ ఒక డౌటు. ‘తల పగిలిపోతోంది’ అంటాం. పగిలిందా? ‘గుండె ఆగినంత పనైంది’ అంటాం. గుండెజబ్బున్న వాళ్ళెవరూ వచ్చి అలా అనొద్దని చెప్పలేదే! ‘ప్రాణం విసిగిపోయింది’, ‘చచ్చీ చెడీ వచ్చాను’... మన భాషంతా ఇలాంటి అతిశయోక్తులే. ఓసీడీ ఒక్కదాని దగ్గరే ఎందుకు ఆగాలి? ఇక మాట్లాడటానికి కూడా లైసెన్సు తీసుకోవాలా?

బ్లూటిక్

నిన్న సాయంత్రం మా స్నేహితుల గ్రూపులో పనిగట్టుకుని లెక్కపెట్టాను. ట్రామా మూడుసార్లు (అందులో రెండు ఒక హెయిర్‌కట్ గురించి). డిప్రెషన్ ఐదుసార్లు, అన్నీ క్రికెట్ స్కోరు మీదే. ఫోను ఛార్జింగ్ నాలుగు శాతానికి వచ్చిందని ఒకడికి ప్యానిక్ ఎటాక్. ఒకమ్మాయికి తన బాసు సైకో. ఇంకొకరికి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని జబ్బు), ఎందుకంటే రీల్స్ చూస్తూ చదువుకోలేకపోయాడట.

నేనేమైనా తక్కువ తిన్నానా? ‘మీ అందరి వల్లా నాకు మెంటలొస్తోంది’ అని పెట్టింది నేనే.

మూడోకిటికీ

కౌన్సెలర్‌గా పనిచేస్తాను కాబట్టి ఇందులో తలదూరుస్తున్నా.

జెట్‌స్పీడ్ గారూ, మీ పోలిక బాగుంది, సగం దూరం దాకా నడుస్తుంది కూడా. ‘గుండె ఆగినంత పనైంది’ అన్న మనిషినీ, గుండెపోటు వచ్చిన మనిషినీ ఎవరూ కలగాపులగం చేసుకోరు. స్టెంటు వేయించుకున్నాయన దగ్గరికెళ్ళి ‘నాకూ అంతేనండీ, ఆ మ్యాచ్ ఆఖరి ఓవర్లో’ అని ఎవరూ అనరు. మనసు జబ్బుల దగ్గర మాత్రం సరిగ్గా ఇదే అంటారు. ఎక్స్‌రేలో కనిపించదు, రక్తపరీక్షలో తేలదు. ఆ మనిషి నోటిమాటే మాకు మొదటి ఆధారం. ఆ మాట ముందే అరిగిపోయి ఉంటే చిక్కు.

నా దగ్గరికి వచ్చిన వాళ్ళలో ఈ కథ చాలాసార్లు విన్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేసి చెప్తున్నా. మనిషి నెలల తరబడి కుంగిపోయి ఉంటాడు. ధైర్యం చేసి ఒక స్నేహితుడికి ‘డిప్రెషన్‌గా ఉందిరా’ అంటాడు. ‘ఎవరికి లేదు చెప్పు, సోమవారం వస్తే నాకూ అదే’ అని జవాబు. అవతలివాడు చెడ్డవాడేం కాదు, ఓదార్చాననే అనుకుంటాడు. ఇవతలివాడు మాత్రం ఇంకో ఏడాది నోరు తెరవడు.

డాక్టర్లు వాడే డీఎస్ఎం అనే ప్రమాణ గ్రంథం ప్రకారం డిప్రెషన్ అనాలంటే 9 లక్షణాల్లో కనీసం 5 ఉండాలి, రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ ఉండాలి. వాటిలో దిగులైనా, దేనిమీదా ఆసక్తి లేకపోవడమైనా తప్పనిసరి. ఓసీడీకైతే ఆ ఆలోచనలు, పనులు రోజుకి గంటకు పైగా తినెయ్యాలి, లేదా బతుకుని బాగా అడ్డుకోవాలి. నిద్రగన్నేరు గారూ, కుళాయి దగ్గరే 40 నిమిషాలంటే ఆ గంట ఎలా నిండుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్యానిక్ ఎటాక్ వచ్చిన వాళ్ళు చాలామంది మొదట గుండెపోటనుకుని ఎమర్జెన్సీకి పరిగెడతారు. నాలుగు శాతం ఛార్జింగ్‌కి ఎవరూ పరిగెత్తరు కదా బ్లూటిక్ గారూ!

బ్లూటిక్

ఛార్జరు కోసం పరిగెడతాం. సరే సరే, ఒప్పుకున్నా.

పాతరేడియో

ఇంగ్లీషు మాటల గురించి ఇంత చర్చ నడుస్తోంది గానీ, మన ‘పిచ్చి’ని ఎవరూ ముట్టుకోలేదేం?

రిటైరై పదేళ్ళు దాటింది, తీరిక ఎక్కువ. ఇవాళ పొద్దున కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నా. పిచ్చిమొక్కలు, పిచ్చిగీతలు, పిచ్చికోపం, పిచ్చిప్రేమ. పుస్తకాలంటే పిచ్చి. ‘ఒరే పిచ్చి సన్నాసీ’ అంటే తిట్టు. అదే అమ్మ నోట్లోంచి ‘పిచ్చితల్లీ’ అని వస్తే అంతకుమించిన ముద్దుమాట లేదు. వెర్రి వెయ్యి విధాలన్నారు గానీ, పిచ్చి అంతకంటే ఎక్కువే ఉంది. ఒక్క మాటని ఇన్ని పనులకి వాడుకున్నాం. అసలు జబ్బుకి మాత్రం అదే మాట పెట్టి, మనిషిని గదిలో పెట్టి గొళ్ళెం వేశాం.

ఇంకో సంగతి. మనసు బాగోలేకపోవడాన్ని చెప్పడానికి మనకు మాటలు లేవా? ఇలా చూడండి. బెంగకి అవతలి కొసన ఎవరో ఒకరు ఉంటారు. బెంగ పెట్టుకోవడమంటే ఊరికే కాదు, ఎవరిమీదో పెట్టుకోవాలి. గుబులు రాబోయేదాని గురించి. చింత ఉన్నదాని గురించి. దిగులుకి కారణం అక్కర్లేదు, ‘ఎందుకో దిగులుగా ఉంది’ అంటే ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. ‘మనసు మనసులో లేదు’ అంటే అదింకోటి. ‘ఏదోలా ఉంది’ అన్నదానికైతే నిఘంటువులో చోటే లేదు, అయినా అందరికీ తెలుసు. ఇన్నిటినీ చుట్టచుట్టి ‘డిప్రెషన్’ అనే ఒకే సంచిలో కుక్కేశారు మీ తరం వాళ్ళు. ఆ జబ్బున్న వాళ్ళకి నష్టమే, జబ్బు లేని మాకూ నష్టమే. నాకు బెంగగా ఉంటే బెంగ అనే చెప్పుకోవాలి కదా.

జెట్‌స్పీడ్

బాబాయ్, ‘మీ తరం’ అని మొత్తం కట్టగట్టి మామీదికి తోసేశారు! మీ తరంలో ‘మెంటల్ కేసు’ అన్నది ఎవరు?

పాతరేడియో

మేమే. తిట్టుకి ఆ మాటే దొరికింది మాకు.

కాగితప్పడవ

ఈ చర్చాదారం పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివాను. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

నాకు బైపోలార్. తొమ్మిదేళ్ళవుతోంది పేరు తెలిసి. ‘ఈ వాతావరణం బైపోలార్‌లా ఉంది, పొద్దున ఎండ, సాయంత్రం వాన’ అని ఎవరో అన్నప్పుడల్లా నాకు కోపం రాదు, విచిత్రంగా ఉంటుంది. ఎందుకంటే నా జబ్బు పొద్దునకీ సాయంత్రానికీ మారేది కాదు. మేనియా, అంటే ఉత్సాహం అదుపు తప్పే దశ, వచ్చిందంటే వారానికి తక్కువ కాదు. మొదటిసారి నాకు పదకొండు రోజులు. రాత్రికి రెండు గంటలు నిద్ర, అయినా అలసట లేదు. ఆరు నోటుబుక్కులు రాశాను, ఒక కొత్త లిపి కనిపెడుతున్నానని. ఆ పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. తెరిస్తే నా చేతిరాతే, నాకే చదవడం రాదు. ఆ తర్వాత నెలల కొద్దీ కింద పడ్డాను. పళ్ళు తోముకునే బ్రష్షు బరువనిపించేది. నిజంగా బరువు. చేతిలోకి తీసుకుని, అలా చూస్తూ, మళ్ళీ పెట్టేసేదాన్ని.

లిథియం వేసుకుంటాను. 1949లో జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు దీని గుణం రాశాడు. అంత పాత మందు ఇంకా నన్ను నిలబెడుతోంది. మోతాదు కాస్త ఎక్కువైతే విషం, అందుకని ఎప్పటికప్పుడు రక్తపరీక్ష. వాతావరణానికి ఈ బాధలేమీ లేవు మరి.

అయినా ఎవరూ ఆ మాట వాడొద్దని నేను అనను. నేనే నన్ను ‘పిచ్చిదాన్ని’ అంటాను, మా ఆయన అంటే నవ్వుతాను. అడిగేది ఒక్కటే. ఎవరైనా ‘నాకు బైపోలార్’ అంటే, జవాబు చెప్పేముందు ఒక్క క్షణం ఆగండి. జోకో, కబురో తేల్చుకోవడానికి ఆ క్షణం చాలు. ఆ క్షణం కూడా దొరకదు మాకు.

నిద్రగన్నేరు

కాగితప్పడవ గారూ, ఆ బ్రష్షు మాట చదివి ఆగిపోయాను. థాంక్యూ అండీ, రాసినందుకు.

నల్లసిరా

అనువాదాలు, ప్రూఫులు నా పని. మాటల వైపు నుంచి కొంచెం.

ఆస్పత్రి మాట వీధిలోకి రావడం కొత్త కాదు. ఇంగ్లీషులో ఇడియట్, ఇంబెసైల్, మోరాన్ మూడూ ఒకప్పుడు వైద్యుల మాటలే, బుద్ధి ఎదుగుదలని మెట్లుగా విడగొట్టడానికి వాడేవారు. మోరాన్‌ని 1910లో హెన్రీ గొడార్డ్ అనే సైకాలజిస్టు పనిగట్టుకుని తయారుచేశాడు. ఇప్పుడు మూడూ తిట్లే. హిస్టీరియాకి మూలం గర్భసంచికి గ్రీకు మాట. 1980లో డీఎస్ఎం మూడో కూర్పులో అది జబ్బు పేరుగా పోయింది. అయినా ‘హిస్టీరిక్‌గా అరవకు’ అనడం ఎక్కడా ఆగలేదు.

దారి రెండువైపులా ఉందని కూడా మర్చిపోవద్దు. ట్రామా అంటే గ్రీకులో గాయం, మామూలు దెబ్బ. డిప్రెషన్ అంటే నొక్కుకుపోవడం, పల్లం. మేనియా గ్రీకు వీధుల్లో తిరిగిన మాటే. వీధి మాటల్ని ముందు వైద్యులు అరువు తెచ్చుకున్నారు, ఇప్పుడు వీధి తన సొమ్ము తను అడుగుతోంది. దొంగతనం ఎవరిదంటారు?

అయితే జెట్‌స్పీడ్ లాగా ‘మాటలదేముంది’ అని వదిలెయ్యలేను. స్కిజోఫ్రెనియా (లేని గొంతులు వినిపించే, లేనివి నిజమనిపించే జబ్బు) సంగతి చూడండి. 1908లో స్విస్ డాక్టరు బ్లాయిలర్ పెట్టిన పేరు, ‘చీలిన మనసు’ అని దాని అర్థం. ఆ ఒక్క పేరు వల్ల ‘ఒక మనిషిలో ఇద్దరు మనుషులు’ అన్న అపోహ అంటుకుని వందేళ్ళు దాటినా వదల్లేదు. నిజానికి ఆ జబ్బుకీ ‘ఇద్దరు మనుషుల’ వ్యవహారానికీ సంబంధమే లేదు. జపాన్‌లో ఇదే అర్థంతో ఉన్న పేరుని 2002లో మార్చేశారు. కొత్తదాని భావం ‘సమన్వయం తప్పిన స్థితి’ లాంటిది. అంతకుముందు మూడోవంతు రోగులకే డాక్టర్లు జబ్బు పేరు చెప్పేవారట. చెప్పడానికి అంత మొహమాటం. పేరు మారాక మూడేళ్ళలో అది మూడింట రెండొంతులు దాటింది. మందు అదే, జబ్బు అదే.

మన పత్రికలు ‘కుంగుబాటు’ అని రాస్తున్నాయి. మాట బాగుంది. కాకపోతే నోటితో అనేవాళ్ళు ఇప్పటిదాకా నాకు ఒక్కరూ కనబడలేదు.

వానచినుకు

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు, నేను రెండోవైపు కూర్చుంటా.

ఇరవై రెండేళ్ళప్పుడు నాకు నిద్ర లేదు, తిండి లేదు, ఏడుపొక్కటే. అమ్మకి ఎలా చెప్పాలి? ‘పిచ్చి’ అంటే అమ్మ అక్కడికక్కడే కూలబడేది. ‘మానసిక వ్యాధి’ అన్నా అంతే. ‘అమ్మా, డిప్రెషన్ లాగా ఉంది, డాక్టర్ దగ్గరికెళ్దాం’ అన్నాను. ఆ మాట అమ్మ టీవీలో వంద సార్లు విని ఉంది. భయపడలేదు. ‘సరే, పద’ అంది. అంతే.

ఆ మాట అలా అరిగిపోయి, చౌకబారై, అందరి నోళ్ళలో నాని ఉండబట్టే నాకు పనికొచ్చింది. ఆస్పత్రి గోడల మధ్యే భద్రంగా ఉంచి ఉంటే నాకు మిగిలేది ‘పిచ్చి’ ఒక్కటే. కాబట్టి ‘జాగ్రత్తగా వాడండి’ అన్న ప్రతిసారీ, ఎవరో ఒకరు ‘నాది అంత పెద్దది కాదేమో, ఆ మాట నాకు తగదేమో’ అని వెనక్కి తగ్గుతారేమోనని నా భయం.

మూడోకిటికీ

వానచినుకు గారన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. లక్షణాల లెక్క నేను పైన రాశాను గానీ, అది డాక్టరు లెక్కపెట్టుకోవడానికి. మీరు ఇంట్లో వేళ్ళు మడిచి ‘నావి నాలుగే ఉన్నాయి’ అని ఆగిపోవడానికి కాదు. అది ముందే రాయాల్సింది, నా పొరపాటు.

జెట్‌స్పీడ్

సరే, నా కథ కూడా చెప్పేస్తా.

నాకు మండేది ఓసీడీ జోకులతో కాదు. గొడవల్లో ఈ మాటల్ని ఆయుధంలా తిప్పడంతో. మా రూమ్మేటుకీ నాకూ ఒకసారి మాటామాటా పెరిగింది. కరెంటు బిల్లు తను కట్టానన్నాడు, కట్టలేదన్నాను. ‘నువ్వు నన్ను గ్యాస్‌లైట్ చేస్తున్నావు, నువ్వు నార్సిసిస్టువి’ అన్నాడు, అంటే నా గొప్ప తప్ప నాకింకేమీ పట్టదని. ఇక దానికి జవాబేముంటుంది? కాదంటే ‘చూశావా, నార్సిసిస్టులు ఒప్పుకోరు’ అంటాడు. ఔనంటే ఔనన్నట్టే. ముందు నుయ్యి వెనక గొయ్యి. ‘నువ్వు అబద్ధాలకోరువి’ అని ఉంటే పోట్లాడి అక్కడితో తేల్చుకునేవాళ్ళం. స్నేహం అక్కడే తెగింది. బిల్లు రసీదు నెల తర్వాత దొరికింది, అది వేరే కథ.

బ్లూటిక్

అన్నా, ఎవరు కట్టారో చెప్పకుండా వెళ్ళిపోతే ఎలా?

జెట్‌స్పీడ్

తనే కట్టాడు. నేను మర్చిపోయాను. తృప్తిగా ఉందా?

నల్లసిరా

హహ్హ! గ్యాస్‌లైటింగ్ పుట్టింది ఒక నాటకం పేరులోంచి, పాట్రిక్ హామిల్టన్ 1938లో రాశాడు. అందులో భర్త ఇంట్లో గ్యాసు దీపాల వెలుగు తగ్గడానికి తనే కారణమై ఉండి, భార్యకి మాత్రం ‘తగ్గలేదు, నీకే అలా అనిపిస్తోంది’ అంటాడు. ఆమెకి మతి తప్పిందని నమ్మించడం అతని పథకం. 2022లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు వాళ్ళు ఆ ఏటి మాటగా దీన్నే ఎంచారు. మీ కరెంటు బిల్లు కూడా దీపాల వ్యవహారమే కావడం మాత్రం యాదృచ్ఛికం.

మూడోకిటికీ

గ్యాస్‌లైటింగ్ అసలు జబ్బు పేరే కాదు, ఒక ప్రవర్తన పేరు. మర్చిపోవడం, వాదించడం, చివరికి మామూలు అబద్ధం కూడా గ్యాస్‌లైటింగ్ కావు. బర్నవుట్ కూడా అలాంటిదే. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జాబితాలో పనికి సంబంధించిన స్థితిగా పెట్టింది గానీ జబ్బుగా లెక్కెయ్యలేదు.

ఇంకొకటి చెప్పి ఊరుకుంటా. ‘చచ్చిపోవాలనిపిస్తోంది’ అని కూడా మనం తేలిగ్గా వాడేస్తాం, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా అదే మాట. తొంభై తొమ్మిదిసార్లు అది ట్రాఫిక్కే కావచ్చు. కానీ మనిషి కొన్నాళ్ళుగా తేడాగా ఉంటే, నవ్వుతూ అన్నా సరే, పక్కకి పిలిచి ‘నిజంగా చనిపోవాలని ఆలోచన వస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. అలా ఏమీ కాదు. ఔనంటే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే సాయం దొరికే చోటికి తీసుకెళ్ళండి.

నిర్వాహకులు

ఒక సభ్యుడు మరో సభ్యురాలికి ‘మీకు ఫలానా డిజార్డర్ ఉన్నట్టుంది’ అని పెట్టిన పోస్టు తొలగించాం. ఈ దారంలో అదీ!

పాతరేడియో

వానచినుకు గారి పోస్టు చదివాక, నేను పైన రాసినది కొంచెం దూకుడుగా రాశాననిపించింది. నాకు ఆ పట్టుదల ఎందుకొచ్చిందో చెప్తాను.

మా ఆవిడ పోయి పద్నాలుగు నెలలు. వచ్చినవాళ్ళందరూ ‘డిప్రెషన్‌లోకి వెళ్ళిపోకండి’ అంటారు, అక్కడేదో పక్క గది ఉన్నట్టు. మా అబ్బాయి ఫోన్లో ‘నాన్నా, ఇది డిప్రెషనేమో, చూపించుకో’ అన్నాడు. వాడి ప్రేమ నాకు తెలుసు. కానీ నాకు ఒళ్ళు మండింది. ఇది జబ్బు కాదురా, మీ అమ్మ లేకపోవడం, అన్నాను. సాయంత్రం ఆరింటికి రేడియో పెట్టి, ఇటు తిరిగి ‘సౌండు ఎక్కువైందా’ అని అడుగుతాను, ఇప్పటికీ. దానికి బెంగ అని పేరుంది. ఆ పేరు నా దగ్గరనుంచి తీసేసుకుంటారేమోనని నా బాధ.

మూడోకిటికీ

పెదనాన్నగారూ, మీ పేరు మీ దగ్గరే ఉంచుకోండి. ఎవరూ తీసుకోరు. దుఃఖం జబ్బు కాదు.

ఒక్క మాట మాత్రం. 2022లో డీఎస్ఎంలో ‘దీర్ఘకాల దుఃఖం’ అని ఒకటి చేర్చారు. ఏడాది దాటినా, మనిషి పోయిన రోజు ఎంత పచ్చిగా ఉందో బాధ అంతే పచ్చిగా ఉండి, రోజువారీ పనులు కూడా సాగకపోతే సాయం తీసుకోమని. దీనిమీద మాలో మాకే వాదన ఉంది, దుఃఖానికి గడువేమిటని. మీరు రేడియో పెడుతున్నారు, కాగితాలు రాస్తున్నారు, ఇక్కడ మాతో పోట్లాడుతున్నారు. మీ అబ్బాయికి ఈ సంగతి చెప్పండి, కాస్త కుదుటపడతాడు.

పాతరేడియో

చెప్తానమ్మా.

బ్లూటిక్

వాతావరణం బరువెక్కింది గానీ, నా అసలు సందేహం ఎవరూ తీర్చలేదు. స్లైడులో పెట్టె వంకరగా ఉంటే సరిచేసే మనిషి తన గురించి తను ఏమనాలి? ఓసీడీ అనకూడదు సరే, మరి?

పాతరేడియో

చాదస్తం!

ఇంత చక్కటి మాట పెట్టుకుని వెతుక్కుంటారేం నాయనా? ఛందస్సు అంటే వేదం. దాన్ని అక్షరం తప్పకుండా పట్టుకునేవాడు ఛాందసుడు. అదే నోళ్ళలో నలిగి చాదస్తమైంది. ‘నాకు కొంచెం చాదస్తం లెండి’ అంటే చాలు, మనిషి మొత్తం కళ్ళముందు కనిపిస్తాడు. నవ్వుకోవచ్చు, ఎవరికీ నొప్పి లేదు.

కాగితప్పడవ

వాతావరణానికి కూడా ఒకటి చెప్పండి మరి.

పాతరేడియో

తిక్క వాతావరణం.

నిద్రగన్నేరు

పది రోజుల తర్వాత వస్తున్నా.

ఆ సహోద్యోగితో మాట్లాడాను. లిఫ్టు దగ్గర, ఇద్దరమే ఉన్నప్పుడు. ఉపన్యాసం ఇవ్వలేదు, తమ్ముడి కుళాయి సంగతి చెప్పానంతే. అతను ఎర్రబడిపోయి, ‘అయ్యో, నాకు తెలీదండీ’ అన్నాడు. లిఫ్టు వచ్చింది, ఇద్దరం చెరో మూల నిలబడి అంకెలు చూస్తూ దిగాం. అంతకంటే ఇబ్బందికరమైన ఏడు అంతస్తులు నా జీవితంలో లేవు. నిన్న మీటింగులో మళ్ళీ ఏదో గీత సరిచేసి, నావైపు చూసి, ‘నాకు కొంచెం... అదే...’ అని ఆగిపోయాడు. పాపం! ‘చాదస్తం’ అని నేనే అందించాను. అందరూ నవ్వారు, అతను కూడా.

ఈ దారం మా తమ్ముడికి చదివి వినిపించాను. ఓపిగ్గా అంతా విని, ‘అయితే చాదస్తానికి మందు లేదన్నమాట, నాదే నయం’ అన్నాడు. వాడికిప్పుడు ఈఆర్‌పీ థెరపీ నడుస్తోంది. భయం పుట్టించే పనికి ఎదురుగా నిలబడి, తాకాలనిపించినా తాకకుండా, లెక్కపెట్టాలనిపించినా లెక్కపెట్టకుండా ఆగడం. చెప్పడం తేలిక, గుమ్మంలో నిలబడి వాడి చెమట చూస్తే తెలుస్తుంది. ఇవాళ పొద్దున కుళాయి దగ్గర పన్నెండు నిమిషాలు. మధ్యలో నా ఫోను మోగింది. నేను బిగుసుకుపోయాను. వాడు కుళాయి వైపే చూస్తూ, ‘ఫోనెత్తు అక్కా’ అన్నాడు.